ఎద్దు మెడకు కాచిన నీళ్ళు

“ఓ పోలప్పా! ఉన్నావేటే?”

ఈ కేక ఇప్పటిది కాదు. సముద్రం ఇంకా ఊళ్ళవాళ్ళతో మాటాడే కాలంనాటిది. ఉప్పుబండ్లు వరసగా పట్నానికి పోయి, వరసగా తిరిగొచ్చే కాలంనాటిది.

దారి మలుపులో, తాటితోపు పక్కన, ఒకే ఒక్క గుడిసె. అందులో పోలమ్మ ఒక్కతే. దారిన పోయేవాళ్ళందరికీ ఆమె అప్ప, అంటే అక్క. పెనిమిటి లేడు, పిల్లల్లేరు, తిన్నావా అని అడిగేవాళ్ళు లేరు. కాడి ఒరుసుకుని ఎద్దు మెడ పుండైతే బండివాళ్ళు ఆమె వాకిట్లో ఆగేవారు. వేపచెక్క, పసుపు, ఉప్పు వేసి ఆమె నీళ్ళు కాచేది. గోరువెచ్చగా మూడుమార్లు కడిగేది. పుండు మానేది.

ఆ కాసేపూ గుడిసె ముందు మనుషుల మాట వినబడేది, చుట్ట వాసన వచ్చేది. తర్వాత బండ్లు పోయేవి. గంటల చప్పుడు పోయేది. పోలమ్మ మిగిలేది.

ఒకనాడు గవరయ్య అనే బండివాడు ఎద్దును విప్పకుండానే దిగాడు.

“ఏటి బావూ, ఎద్దుకేటైంది?”

“ఎద్దుకేటీ అవలేదప్పా. ఆ నీళ్ళు నాకే కావాల.”

“నీ మెడమీద కాడెవుడు పెట్టాడు?”

వెనక బండ్లవాళ్ళు విరగబడి నవ్వారు. గవరయ్య నవ్వలేదు. గొంతు తగ్గించి చెప్పాడు. పట్నంలో దీపాల వీధికి పోయొచ్చాడు. చాటున చిన్న పుండు లేచింది. నొప్పి లేదు, కానీ సుఖరోగమేమోనని భయం.

“ఎద్దు మెడ మానింది గదా. నాదెందుకు మానదు?”

పోలమ్మకేం తెలుసు? “కడుక్కో నాయనా, మంచిదే” అంది.

పుండు మానింది. ఆ రోగం మొదటి పుండు దానంతటదే మానిపోతుందని, మానినట్టే మాని లోపలికి పోయి దాక్కుంటుందని ఆ దారిలో ఎవరికీ తెలీదు.

ఇంకేముంది. ఒక బండి ఆగింది. పది బండ్లు ఆగాయి. దారి దారంతా ఆగింది. ముందు కడుక్కుంటే అంటదన్నారు, తర్వాత కడుక్కుంటే పోద్దన్నారు. భయం తీరిన మగాళ్ళు దీపాల వీధికి మరింత ధీమాగా పోయారు. వీధి ఆడవాళ్ళే రోగమిచ్చారని తిట్టుకున్నారు. వాళ్ళకెవరిచ్చారో ఒక్కడూ అనుకోలేదు.

పోలమ్మ మాత్రం పొద్దున్నే వాకిలి ఊడ్చి, ముగ్గేసి, చెవి దారికేసి పెట్టుకునేది. తన పేరు ఇంకొకరి నోట వినడం ఎంత తీపో, రోజూ పిలిచేవాళ్ళున్నవాళ్ళకు తెలియదు. కొన్నాళ్ళకు గవరయ్య అరచేతుల్లో రాగి రంగు మచ్చలు కనబడ్డాయి. “తాడు ఒరుపులే అప్పా” అన్నాడు. ఆమె చూసింది. ఇంకేమీ అడగలేదు. బండ్లు పోయేవి. గంటల చప్పుడు పోయేది. పోలమ్మ మిగిలేది.

రెండేళ్ళ తర్వాత ఒక మిట్టమధ్యాహ్నం గవరయ్య పెళ్ళాం సీతాలు, చంకన ముంత పెట్టుకుని నడిచొచ్చింది. కడుపుతో ఉంది.

“అప్పా, మా ఆయన కడుక్కునే నీళ్ళేవో నాకూ ఇయ్యి. ఎద్దుకంటాడు గానీ, మా ఇంట్లో ఎద్దు నిక్షేపంలా ఉంది.”

“నీకేటైందమ్మా?”

“ఇద్దరు కడుపులోనే పోయారు. ఇది మూడోది.”

చేతులు చాపింది. అరచేతుల నిండా అవే మచ్చలు.

పోలమ్మ నీళ్ళు తెచ్చి ఆ చేతులు కడిగింది. మచ్చలు పోలేదు. రెండోమారు కడిగింది. పోలేదు. మూడోమారు కడిగింది. పోలేదు. నీళ్ళు తగిలినంతమేరే నీళ్ళ పని. రోగం ఎప్పుడో నీళ్ళందని చోటికి పోయింది.

“ఏటప్పా, అలా చూస్తావు?”

“కూకో తల్లీ. పొద్దు వాలనీ. బండ్లు రానీ.”

సీతాలు గోడకానుకుని కునుకు తీసింది. పోలమ్మ దారికేసి చూస్తూ కూర్చుంది. చెబితే ఈ వాకిలి పాడైపోద్ది. చెప్పకపోతే ఆ కడుపు పాడైపోద్ది.

పొద్దు వాలింది. బండ్లొచ్చాయి. పోలమ్మ లేచి, కాగిన నీళ్ళన్నీ మట్టిలో పారబోసింది. చెప్పాల్సింది చెప్పింది.

ఆ తర్వాత బండ్లు ఆ మలుపులో ఆగలేదు. కొందరు ఉమ్మేసి పోయారు. కొందరు మొహం తిప్పుకుని పోయారు. గవరయ్య, సీతాలు మాత్రం ఒకే బండెక్కి దూరాన ఉన్న వైద్యుడి దగ్గరికి పోయారట. బిడ్డ బతికిందంటారు కొందరు, లేదంటారు కొందరు. పోలమ్మ ఏ రోజు కన్నుమూసిందో ఎవరూ చూడలేదు.

కానీ ఇప్పటికీ ఆ దారి పక్క ఊళ్ళలో, చాన్నాళ్ళు ఊరికి దూరంగా ఉండి వచ్చిన మగాడికి ఇల్లాలు గుమ్మంలోనే అడ్డం నిలబడుతుంది. “పోలమ్మ మాట చెప్పు” అంటుంది. అతను ఉన్నదున్నట్టు చెప్పాలి. చెప్పాల్సిందేదైనా ఉంటే ఇద్దరూ కలిసి ఆస్పత్రికి పోతారు. ఇప్పుడు దానికి సూదిమందుంది. కడుక్కుంటే పోద్దిలే అని అక్కడ ఎవరూ అనరు.

పోలమ్మ మాట అంటే, ఆ సాయంత్రం ఖాళీ కాగు పక్కన నిలబడి, అందరూ వినేలా ఆమె అన్న మాట.

“నాయన్లారా, ఈ నీళ్ళు ఎద్దు మెడ కడుగుతాయి. మీ రోగాన్ని ఆపవు. గవరయ్య చేతులు చూసిన్నాడే నాకు అనుమానమొచ్చింది. చెబితే మీరింక నన్ను పిలవరని, నోరు మూసుకున్నాను.”