తవుడమ్మ కట్టు

అనగా అనగా, ఎప్పటి మాటో చెప్పలేను గానీ, ఆడది సైకిలెక్కితే జనం ఇళ్ళలోంచి బయటికొచ్చి చూసే రోజుల్లో, ఉప్పుమళ్ళ ఒడ్డున మూడు ఊళ్ళుండేవి. మూడూళ్ళకీ డాక్టరు లేడు. డాక్టరు కావాలంటే మళ్ళ గట్టు మీద మూడు క్రోసులు పోవాలి.

ఆ ఊళ్ళలో తవుడమ్మ అని ఒకావిడ ఉండేది. ఉప్పు గీకే మనిషి. చదువు లేదు, పొలం లేదు, వెనకా ముందూ ఎవరూ లేరు.

ఉప్పు నిలవచేసే కొటారు వెనక తుప్పుపట్టిన సైకిళ్ళు మూడు పడి ఉండేవి. కొటారు వాళ్ళు పారేసినవి. తవుడమ్మ ఒకదాన్ని విప్పింది. బిగించింది. మళ్ళీ విప్పింది. ఎన్నాళ్ళకో ఒకటి నడిచింది. తర్వాత రెండోది. తర్వాత మూడోది.

ఊరికొకరు చొప్పున ఆడవాళ్ళు వచ్చి సాయం పట్టారు. తాటాకు పాక వేశారు. పని దిగాక నేర్పడానికి వంతులేసుకుని కూర్చునేవారు. ఎవరూ ఏమీ తీసుకునేవారు కాదు. పాక అందరిదీ. పానా అందరిదీ. సైకిలు అందరిదీ.

ఒకటే కట్టుబాటు. సైకిలు కావాలంటే చక్రం, బ్రేకు, చైను మూడూ నీ చేత్తో విప్పి, నీ చేత్తో బిగించాలి. తవుడమ్మ ముట్టుకోదు. చేతులు వెనక్కి పెట్టుకుని గడ్డంతో చూపిస్తుంది.

"అది కాదు, పక్కది. అటు కాదు, ఇటు."

"ఓలమ్మో, చేతుల్లేని మేస్త్రీ!" అని నవ్వేవారు మగాళ్ళు.

"ఉప్పుగాలికి ఇనుము ఆగదు నాయనా. గట్టు మీద చైను పడితే నా చేతులు అక్కడుంటాయా?" అనేది తవుడమ్మ.

సన్నెమ్మ అని ఇంకొకావిడ, తవుడమ్మను అక్క వరసన అప్పా అని పిలిచేది. ఆమెకు అసిరి అని పన్నెండేళ్ళ ఆడగుంట, ఏడాది చంటాడు. అసిరి సైకిలు నేర్చుకోవడానికి వచ్చింది. మొదటిరోజు చక్రం విప్పి బిగించింది. రెండోరోజు బ్రేకు. మూడోరోజు చైను దగ్గర కూర్చుందో లేదో, సన్నెమ్మ వచ్చింది.

"అప్పా, పెళ్ళివారు బయల్దేరిపోతున్నారు. గుంటను పంపు. ఆ చైనేదో నువ్వే బిగించెయ్యి."

"మూడోది మిగిలుందే."

"ఒక్కదానికేం? రెండు చేసింది కదా!"

అసిరి కొత్త పరికిణీ కట్టుకునే వచ్చింది. పరికిణీకి గ్రీజు అంటకుండా చేతులు దూరంగా పెట్టుకుని చూస్తోంది. తవుడమ్మకు జాలేసింది. చేతులు ముందుకు తీసింది. చైను బిగించింది. అసిరి సైకిలెక్కి పెళ్ళికి వెళ్ళిపోయింది. చైను సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

వానలొచ్చాయి. చంటాడికి వాంతులు పట్టుకున్నాయి. పొద్దున్నే సన్నెమ్మ అసిరిని మందుకు పంపింది. పాకలోంచి సైకిలు తీసుకుని, బురద గట్టు మీద పడుతూ లేస్తూ గుంట మధ్యాహ్నానికల్లా డాక్టరు దగ్గరికి చేరింది. మందు పుచ్చుకుంది. వెనక్కి తిరిగింది.

సగం దారిలో చైను పడింది. పడి, వెనక పళ్ళ చక్రానికీ కమ్మీకీ మధ్య ఇరుక్కుంది. చక్రం కదల్లేదు. సంచిలో పానా ఉంది. ఏ నట్టు తిప్పాలో గుంటకు తెలీదు.

సైకిలు అందరిదీ. వదిలి రావడానికి మనసొప్పలేదు. వెనక చక్రం ఎత్తి పట్టుకుని నడిచింది. కొంతదూరం పోయాక ఇంక మోయలేక, గట్టు మీద పడుకోబెట్టి పరుగెత్తింది.

దీపాలు పెట్టే వేళకు మందు ఇంటికి చేరింది. అప్పటికి చంటాడు లేడు.

తవుడమ్మ పాక మూసేసి లోపలే కూర్చుంది. ఒకరోజు మూసి ఉంది. రెండోరోజు మూసి ఉంది. మూడోరోజు సన్నెమ్మ ఆ సైకిల్నే ఈడ్చుకుంటూ వచ్చింది. చైను అలాగే ఇరుక్కుని ఉంది.

"అప్పా, తలుపు తియ్యి."

"నా చేతులు పాడు చేతులు సన్నెమ్మా. నన్నొదిలెయ్."

"నీ చేతులెవరడిగారు? ఆవేళ నిన్ను ముట్టుకోమన్నది నేను. ఇవాళ ముట్టుకోవద్దంటున్నదీ నేనే. నాకు నేర్పు."

తవుడమ్మ తలుపు తీసింది.

పాత ట్యూబుల కుప్పలోంచి సన్నెమ్మ ఒక పేలిక చీల్చింది.

"చేతులిలా తే."

తవుడమ్మ రెండు చేతులూ చాచింది. సన్నెమ్మ మణికట్ల దగ్గర కలిపి కట్టింది. కూర్చుని పానా అందుకుంది.

"ఏ నట్టు?"

తవుడమ్మ గడ్డంతో చూపించింది. సన్నెమ్మ తిప్పింది.

"అటు కాదు, ఇటు."

పానా జారింది. వేలు చీరుకుంది. తవుడమ్మ చేతులు కట్టులోనే ఎగిరిపడ్డాయి. కట్టు ఊడలేదు. రెండోసారీ జారింది. మళ్ళీ చేతులు ఎగిరిపడ్డాయి. మూడోసారి నట్టు వదిలింది. సన్నెమ్మ చక్రం ముందుకు జరిపింది, చైను లాగింది, పళ్ళ మీద ఎక్కించింది, చక్రం వెనక్కి లాగి బిగించింది. పెడలు తిప్పింది.

చక్రం తిరిగింది.

అది ఆగేదాకా ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. ఆగాక సన్నెమ్మ ఏడ్చింది. అంతవరకూ ఏడవలేదు.

తర్వాత కట్టు విప్పింది.

"రేపు గుంటను తెస్తాను. దాని చేత కట్టించుకో" అంది.

తవుడమ్మ ఆ పేలికను మణికట్టుకే చుట్టుకుంది. బతికున్నన్నాళ్ళూ తియ్యలేదు. నేర్చుకోవడానికి ఎవరొచ్చినా ముందు ఇంకో పేలిక ఇచ్చి చేతులు చాచేది. "కట్టు తల్లీ. నా చేతుల్ని నమ్మలేను" అనేది. ఆమె పోయిన రోజున సన్నెమ్మే ఆ పేలిక విప్పింది. విప్పి పాక నడుమ నిట్టాడు గుంజకి కట్టింది.

ఆ తాటాకు పాక ఇప్పుడు రేకుల షెడ్డయింది. మూడు సైకిళ్ళు ముప్పై అయ్యాయి. వంతులు వంతులే. నేర్పేవాళ్ళు ఇప్పటికీ ముందు చేతులు చాస్తారు. నేర్చుకునేవాళ్ళు ట్యూబు పేలికతో కడతారు. చక్రం తిరిగాక విప్పుతారు. దాన్ని తవుడమ్మ కట్టు అంటారు.

ఆ మళ్ళ గట్టు మీద మీ చైను పడితే, దారిన పోయేవాళ్ళు తప్పకుండా ఆగుతారు. ఆగి, చేతులు వెనక్కి పెట్టుకుంటారు. గడ్డంతో చూపిస్తారు. ఎంత పొద్దయినా సరే, మీ చక్రం తిరిగేదాకా అక్కడే నిలబడతారు.