నీళ్ళ వెంట నడిచిన సుంకులమ్మ

నేనింతవరకు ఒక్క కథ కూడా రాసినదాన్ని కాను. ఐదో తరగతితో నా చదువు ఆగిపోయింది. పిల్లలు చుట్టూ చేరితే నోటితో చెప్పగలను గానీ, నలుగురూ చదువుతారంటే చెయ్యి వెనక్కి లాగుతుంది. అయినా ఈ ఒక్కటి చెప్పాలనిపించింది. తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి.

అనగనగా ఒక రాజు అని మొదలుపెడతారు అందరూ. ఈ కథలో రాజు తర్వాత వస్తాడు. ముందు నీళ్ళు.

అనగనగా ఒక కొండ. కొండ కింద ఒక ఊట. ఊటకు ఒక తూము, తూములోంచి ఒక మట్టికాలువ. ఆ కాలువ మీద మూడు పల్లెలు. తూము పక్కనే మీదిపల్లె. కొంచెం దూరాన నడిమిపల్లె. ఇంకా చాలా దూరం పోతే, అన్నిటికన్నా చివరన కొసపల్లె.

ఊట ఏ ఒక్కరి సొత్తూ కాదు. మూడు పల్లెల ఉమ్మడి సొత్తు. రాత్రంతా తూము మూసి ఊటను నిండనిచ్చేవారు. పగలు ముప్పై గడియలు తెరిచేవారు. పల్లెకు పదేసి గడియలు. ముందు మీదిపల్లె వంతు, తర్వాత నడిమిపల్లె, చివరకు కొసపల్లె. ప్రతి పల్లెలో ఒక పెద్ద రాతితొట్టి ఉండేది. తాగడానికి దాంట్లోవే, కూరమళ్ళకూ దాంట్లోవే.

గడియ ఎట్లా తెలిసేదంటారా? ఒక రాగిగిన్నె. అడుగున సూదిమొనంత చిల్లి. దాన్ని గంగాళం నీళ్ళలో తేలేసేవారు. నీరు మెల్లమెల్లగా పైకెక్కి గిన్నె బుడుంగున మునిగితే ఒక గడియ. మునగగానే తప్పెట మీద ఒక దెబ్బ. అది విని నడిమిపల్లెలో ఒక దెబ్బ, అది విని కొసపల్లెలో ఒక దెబ్బ. పది దెబ్బలు పడితే ఒక పల్లె వంతు తీరినట్టు.

ఈ పని చేసే మనిషిని నీరుగంటి అనేవారు. నీరుగంటికి ఒకటే కట్టుబాటు. గిన్నె తేలినంతసేపూ దాని మీంచి చూపు తిప్పకూడదు. తూము విడిచి అడుగు కదపకూడదు. ఏడు తరాలుగా ఏ నీరుగంటీ ఈ మాట జవదాటలేదు.

ఏడో తరం నీరుగంటి ఓబులేసు కాలం చేశాడు. ఆ ఇంట్లో మిగిలింది అతని భార్య సుంకులమ్మ ఒక్కతే. అందుకని గిన్నె ఆమె చేతికొచ్చింది. సుంకులమ్మ మాట తక్కువ మనిషి. ఎవరైనా పలకరిస్తే కొంగు సర్దుకుని ఊ అనేది, అంతే. గిన్నె ముందు కూర్చుంటే మాత్రం రెప్ప వేసేది కాదు.

అంతలో వరసగా మూడేళ్ళు వానలు మొహం చాటేశాయి. కొసపల్లె తొట్టి సగం కూడా నిండడం మానేసింది. కూరమళ్ళు మాడిపోయాయి. ఆవుల డొక్కలు ఎండాయి. కొసపల్లె వాళ్ళకు ఒళ్ళు మండింది.

"వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటేనంట. మనకు వడ్డించే మనిషి మనది కాదు కదా! సుంకులమ్మ మన నీళ్ళు మీదిపల్లెకు దోచిపెడుతోంది" అన్నారు. అనుకున్నవాళ్ళు ఊరుకోక రాజు దగ్గరికి పోయారు.

ఇప్పుడు రాజు వచ్చాడు. ఆయన పేరు చిక్కరాయలు. ఆయనకు పెద్ద సైన్యం లేదు, పెద్ద కోట లేదు. పెద్ద చెవులు మాత్రం ఉన్నాయి. ఎవరేం చెప్పినా కడదాకా వినేవాడు. తూము దగ్గరే సభ పెట్టించాడు.

కొసపల్లె తరఫున తిమ్మవ్వ అనే ముసలామె లేచింది.

"దొరా, నలభై ఇళ్ళ వాళ్ళం బండ్లు సర్దుకున్నాం. నాలుగోనాడు పొద్దున ఎద్దుల్ని కట్టి పోతాం. ఎక్కడికంటే ఏం చెప్పను, నీళ్ళున్న చోటికి. తాతలనాటి ఊరు దొరా. ఊరికే పోతామా?"

మీదిపల్లె పెద్ద మల్లప్ప మీసం దువ్వుకుంటూ లేచాడు.

"గిన్నె అబద్ధమాడదు దొరా! మాకు పది దెబ్బలు, వాళ్ళకూ పది దెబ్బలు. ఇంక ఏడుపెందుకు? ఆడదాని చేతిలో గిన్నె ఉంటే ప్రతివాడికీ నోరు లేస్తుంది. మా బావమరిదికి ఇప్పించండి. ఎవరు నోరెత్తుతారో చూస్తా."

రాజు సుంకులమ్మ వైపు తిరిగాడు. "నువ్వేమంటావమ్మా?"

సుంకులమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. అంతమందిలో మాట్లాడ్డం ఆమెకు అదే మొదలు.

"నేను దొంగను కాను దొరా" అంది. "అట్లని కొసపల్లె వాళ్ళు చెప్పేదీ అబద్ధం కాదు. తొట్టి నిండలేదు. మధ్యలో ఇంకెవరో దొంగ ఉన్నారు."

"పట్టిస్తావా?"

"మూడు రోజులు ఇప్పించండి."

"ఇచ్చాను. పట్టిస్తే నీ మాట చెల్లుతుంది. పట్టించలేకపోతే గిన్నె మల్లప్ప బావమరిదికి. నువ్వు ఊరు విడిచి పోవాలి" అన్నాడు రాజు.

మొదటి రోజు సుంకులమ్మ గిన్నెను అనుమానించింది. చిల్లి పెద్దదై గిన్నె తొందరగా మునుగుతోందేమో! రాజుగారి కోటలో వాడే గడియగిన్నె తెప్పించింది. రెండూ పక్కపక్కన తేలేసింది. రెండూ ఒక్కసారే మునిగాయి. బుడుంగు, బుడుంగు. గిన్నె దొంగ కాదు.

రెండో రోజు గట్టును అనుమానించింది. ఎక్కడైనా గండి కొట్టి నీళ్ళు మళ్ళిస్తున్నారేమో! కట్టుబాటు ప్రకారం ఆమె తూము విడిచి పోరాదు కదా. కొసపల్లె వాళ్ళకే కబురు పెట్టింది. వాళ్ళు మనిషికో పార పట్టుకుని గట్టంతా వెతికారు. గండి కనబడలేదు. ఎండ్రకాయల బొక్కలు కనబడితే బంకమట్టితో పూడ్చారు. ఆ రోజు తొట్టిలో నీళ్ళు నాలుగు వేళ్ళు పెరిగాయి, అంతే. గట్టూ దొంగ కాదు.

సాయంత్రం తిమ్మవ్వ తిట్టడానికే తూము దాకా నడిచొచ్చింది.

"ఏమే సుంకులూ, బొక్కలు పూడ్చమని మాకు పని చెప్పి నువ్వు చల్లగా కూర్చున్నావా? నీ తప్పెట చప్పుడు మా చెవుల్లో పోసుకుని తాగమంటావా? ఆరు దెబ్బలు పడేదాకా మేం ఖాళీ బిందెల ముందర కూర్చునే ఉంటాం గదే!"

సుంకులమ్మ చటుక్కున లేచింది. "ఏమన్నావవ్వా? ఇంకోసారి అను."

"ఎన్నిసార్లు అనమంటావ్? ఆరు దెబ్బలు పడేదాకా చుక్క రాదు. ఏడో దెబ్బకు ముందు నీళ్ళొస్తే పదో దెబ్బకు నువ్వు తూము మూసేస్తావ్!"

సుంకులమ్మ తిమ్మవ్వ రెండు చేతులూ పట్టుకుంది. తిట్లు తింటున్న మనిషి మొహం వెలిగిపోతుంటే తిమ్మవ్వకు ఏమీ అర్థం కాలేదు. "దీనికి బుద్ధి చెడింది" అనుకుంటూ ఇంటిదారి పట్టింది.

మూడో రోజు మధ్యాహ్నం, కొసపల్లె వంతు వేళకు, రాజు వచ్చాడు. మూడు పల్లెల జనం మూగారు.

"దొంగ ఎక్కడ?" అన్నాడు రాజు.

"చూపిస్తాను దొరా. కానీ నేను తూము విడిచి రావాలి. మల్లప్పన్న గిన్నె ముందు కూర్చుంటే చాలు. ఆయన చూస్తే నేను మోసం చేశానని ఎవరూ అనలేరు."

మల్లప్ప సద్దిమూట పక్కన పెట్టుకుని దర్జాగా కూర్చున్నాడు. "గిన్నె మీంచి కన్ను తీస్తే ఈ మీసం తీయించుకుంటా" అన్నాడు.

తూము లేచింది. గిన్నె తేలింది. నీళ్ళు కాలువలోకి దూకాయి. సుంకులమ్మ గట్టు మీద నీళ్ళ వెంట నడిచింది. ఆమె వెనక రాజు, రాజు వెనక నడిమిపల్లె పెద్ద వీరన్న, వాళ్ళ వెనక జనం.

నడిమిపల్లె దాకా కాలువ తడిగానే ఉంది. నీళ్ళు గుర్రంలా పరిగెత్తాయి. నడిమిపల్లె దాటారో లేదో, కాలువ పొడి. నెర్రెలు విచ్చిన నేల. మూడేళ్ళ ఎండ అంతా అందులోనే ఉంది. అక్కడికి రాగానే గుర్రం కాస్తా నత్తయింది. నీళ్ళ మొన మీద నురగ, నురగ మీద ఎండుటాకులు. ఒక్కో నెర్రె ముందు ఆగేది, బుస్సుమని దాంట్లోకి దిగేది, నెర్రె నిండాక గానీ ముందుకు కదిలేది కాదు.

తప్పెట మోగింది. ఒకటి. రెండు.

"ఇదేంటి, ఇంకా ఇక్కడే ఉంది?" అన్నాడు రాజు.

మూడు. నాలుగు. రాజు చెప్పులు చేతపట్టుకున్నాడు. వీరన్న తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. అయిదు.

కొసపల్లె తొట్టి కనబడేసరికి ఆరో దెబ్బ పడింది. అప్పుడు తొట్టిలో మొదటి చుక్క పడింది. ఖాళీ బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళు రాజును చూసి లేచి నిలబడ్డారు.

ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. అక్కడ తూము మూశారు. ఇక్కడ ధార సన్నబడింది, తీగయింది, ఆగింది.

"దొంగను చూశారా దొరా?" అంది సుంకులమ్మ. ఈసారి కొంగు నోటికి అడ్డం లేదు. "దారి. ఎండిన దారి తాగేస్తోంది. పది గడియల్లో ఆరు దారికే పోయాయి. ఏడు తరాలుగా మా నీరుగంట్లు గిన్నెను చూశారు. నీళ్ళ వెంట ఒక్కరూ నడవలేదు."

అందరూ తిరిగి తూము దగ్గరికొచ్చారు. మల్లప్ప గిన్నె ముందు బిగుసుకుని కూర్చునే ఉన్నాడు. పక్కన సద్దిమూట విప్పి ఉంది. ముద్ద లేదు, ఉల్లిగడ్డ లేదు. చెట్టు మీద ఒక కాకి ముక్కు తుడుచుకుంటోంది.

"మల్లప్పా, నీ సద్ది ఎవరు తిన్నారు?" అన్నాడు రాజు.

మల్లప్ప పక్కకు చూసి గతుక్కుమన్నాడు. "తెలీదు దొరా! నేను గిన్నెనే చూస్తున్నా."

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. రాజు కూడా నవ్వాడు. "నువ్వు కన్ను తీయలేదు, నిజమే. అయినా సద్ది పోయింది. కొసపల్లె నీళ్ళూ అట్లాగే పోయాయి" అన్నాడు. తర్వాత సుంకులమ్మతో "దొంగను పట్టావు. మరి మందేమిటి?" అన్నాడు.

"వంతు తిరగేయాలి దొరా. పొద్దున్నే ఎండ లేనప్పుడు ముందు కొసపల్లెకు వదలాలి. చల్లపూట నేల తక్కువ తాగుతుంది. ఆరు గడియల్లో కాలువంతా తడుస్తుందని నా లెక్క. ఆ ఆరూ ఎవరి వంతులోనూ పడకూడదు, అందరి నెత్తినా పడాలి. మిగిలినవి ఇరవై నాలుగు. నీళ్ళు తొట్టిని తాకాకే కొసపల్లెకు ఎనిమిది. తర్వాత నడిమిపల్లెకు ఎనిమిది, మీదిపల్లెకు ఎనిమిది."

మల్లప్ప లేచాడు. "మా పది ఎనిమిదవుతాయా? తూము పక్కన ఉండటం మా తప్పా?"

"మల్లప్పన్నా, పెళ్ళిబంతిలో కొసన కూర్చున్నవాడి విస్తట్లో అన్నం పడకముందే వడ్డన అయిందని చేతులు కడిగితే నువ్వు ఒప్పుకుంటావా?" అంది సుంకులమ్మ.

వీరన్న వేళ్ళు ముడిచి విప్పి చూసుకున్నాడు. "మాకూ ప్రతిరోజూ రెండు గడియలు దారికే పోతున్నాయి. అంటే ఇప్పుడు ఎనిమిదే అందుతున్నాయి. రేపూ ఎనిమిదే. మాకు పోయేదేముంది? నడిమిపల్లె ఒప్పుకుంటోంది!" అన్నాడు.

"లెక్క తప్పితే?" అన్నాడు మల్లప్ప.

"తప్పితే గిన్నె మీ బావమరిదికి" అంది సుంకులమ్మ. "నేను ఊరు దాటిపోతా."

మరునాడు పొద్దున కొసపల్లెలో నలభై బండ్లు వరసగా నిలబడ్డాయి. ఎద్దులు కాడి కింద ఉన్నాయి. కుండలు, మంచాలు, కోళ్ళగంపలు కట్టేశారు. పిల్లల్ని పైకెక్కించారు. రాజు తొట్టి అంచున కూర్చున్నాడు. రాజుగారి మాట మీద వీరన్న తూము దగ్గర గిన్నె చూస్తున్నాడు.

సుంకులమ్మ తొలివెలుగులో తూము లేపి, నీళ్ళ వెంట నడిచింది.

దెబ్బలు పడ్డాయి. ఒకటి, రెండు, మూడు. బండ్ల మీది వాళ్ళు కాలువ వైపు మెడలు చాచారు. నాలుగు. అయిదు. కాలువ మలుపులో ఇంకా ఎవరూ లేరు. "పోదాం పదండి, ఎండెక్కుతుంది" అన్నాడు ఒకడు. "నోర్ముయ్" అంది తిమ్మవ్వ.

మలుపులో సుంకులమ్మ కనబడింది. ఆమె పాదాల పక్కనే నీళ్ళు. ఆమె ఎట్లా నడిస్తే అట్లా వచ్చాయి. ఆరో దెబ్బ మోగడం, నీళ్ళు తొట్టిలో దూకడం ఒక్కసారే జరిగాయి.

ఆ ఊరు ఊరంతా ఒక్క గొంతుతో అరిచింది. పిల్లలు బండ్ల మీంచి దూకారు. మగవాళ్ళు ఎద్దుల్ని విప్పేశారు. ఆ ఎద్దులు పోయి అందరికన్నా ముందు తాగాయి. ఒక గడియ, రెండు గడియలు, నాలుగు, ఆరు. తొట్టి అంచుదాకా ఎక్కి పొర్లింది. మూడేళ్ళ తర్వాత కూరమళ్ళలో మట్టి నల్లబడింది. తిమ్మవ్వ సుంకులమ్మ నడుం పట్టుకుని గిరగిరా తిప్పింది.

నీళ్ళు తొట్టిని తాకాక ఎనిమిదో దెబ్బ పడింది. సుంకులమ్మ తొట్టిలోకి నీళ్ళు పోకుండా ఆపే చెక్కపలక దించబోయింది.

కొసపల్లె వాళ్ళు చుట్టూ మూగారు. "అక్కా, ఇన్నేళ్ళు మాది దారి తాగింది గదా! ఈ ఒక్క రోజు రెండు గడియలు ఎక్కువ వదులక్కా. మల్లప్ప ఏం చేస్తాడు?"

రాజు సుంకులమ్మ వైపు తిరిగాడు. ఏం చేస్తుందా అని చూశాడు.

సుంకులమ్మ నవ్వి, పలక దించి, నీళ్ళు మళ్ళించుకోమని నడిమిపల్లెకు కబురు పంపింది. తర్వాత మీదిపల్లె వంతు వచ్చినప్పుడు ఎనిమిది గడియలూ పూర్తిగా, ఒక్క చుక్క తగ్గకుండా మల్లప్ప తొట్టిలో పోయించింది. ఆ రోజు నుంచి ఆ మూడు పల్లెల్లో నీరుగంటి అంటే గిన్నె ముందు కూర్చునే మనిషి కాదు, నీళ్ళ వెంట నడిచే మనిషి.

పిల్లలూ, న్యాయంగా పంచడమంటే ఎంత వదిలామో చూసుకోవడం కాదు, కడపటి వాడికి ఎంత చేరిందో పోయి చూసి రావడం.