మలుపు దగ్గర

“నాలో తప్పెక్కడుందో చెప్పండి సెన్సే, దిద్దుకుంట” అని నవనీత అడిగింది. జపనీస్ విభాగంలో పిల్లలు అధ్యాపకుల్ని ఆ దేశపు పద్ధతిలో సెన్సే అనే పిలుస్తారు. అడిగిన ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పే అలవాటు త్రినాథరావు గారికి మొదటినుంచీ లేదు.

ఆమె గొంతులో కోపం ఉంది, దాన్ని దాచుకోవాలనే ప్రయత్నమూ ఉంది. నవనీతది జనగామ. ఐదేళ్ల కిందట ఆ భాషలో ఒక్క అక్షరం రాకుండా యూనివర్సిటీకి వచ్చిన పిల్ల, ఇప్పుడు ఎం.ఏ. రెండో ఏట తరగతిలో అందరికంటే ముందుంది. జపాన్‌లో ఏడాదిపాటు చదువుకోవడానికి ఆ విభాగం నుంచి ఒక్కరికి ఉపకారవేతనం ఇస్తారు. దరఖాస్తుకు ఆ శుక్రవారమే ఆఖరు. సిఫారసు లేఖ మీద త్రినాథరావు గారి సంతకం ఒక్కటి తప్ప తక్కినవన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఆ లేఖ తొమ్మిది రోజులుగా ఆయన బల్లమీద ఒక లావుపాటి నిఘంటువు కింద ఉంది. ఆమె రోజూ వచ్చి కనిపించి పోతోంది. ఈ రాకపోకలు గేటు దగ్గర వాచ్‌మన్ యాదగిరి కంట కూడా పడ్డాయి. “ఏం బిడ్డా, ఇయ్యాల గూడ సార్ పెన్నుల సిరా లేదా? జపాన్ల మిర్చి బజ్జీలు దొరకయంట, ఈడనే ఉండరాదు” అని ఆ పొద్దున కూడా అన్నాడు.

తనలో తప్పేమీ లేదనే ఆమె నమ్మకం. అది ఆధారం లేని నమ్మకం కాదు. పది రోజుల కిందట జపాన్ నుంచి హిరానో గారనే పెద్దావిడ వచ్చి విభాగంలో ఉపన్యాసం ఇచ్చారు. ఆమె మాటల్ని రెండు గంటలసేపు అనువదించింది నవనీతే. ఎక్కడా తడబడలేదు. పాతకాలపు పద్యం ఒకటి మధ్యలో వస్తే దాన్ని కూడా అర్థం చెడకుండా చెప్పింది. తర్వాత ఆవిణ్ణి గేటు దగ్గర ఆగి ఉన్న కారుదాకా తీసుకెళ్లి, తలుపు తీసి పట్టుకుని, తరగతిలో నేర్పినంత మేర నడుము వంచి వీడ్కోలు చెప్పింది. కారు కదలగానే, ఫొటో దిగడానికి రమ్మని లోపలినుంచి స్నేహితులు కేకేస్తే పరుగెత్తింది. మర్నాడే లేఖ నిఘంటువు కిందికి చేరింది. ఈ రెండింటికీ సంబంధం ఉంటుందని ఆమెకు తోచలేదు.

“కూర్చోమ్మా” అన్నారాయన. “నేను కూడా నీలాగే పరీక్షలన్నీ బాగా రాసేవాణ్ణి.” ఆ తర్వాత తన గురించి కాక ఎవరో దూరపు పరిచయస్తుడి గురించి చెబుతున్నంత నింపాదిగా ఈ సంగతి చెప్పారు.

ముప్పై నాలుగేళ్ల కిందట, ఇంకా కుర్రాడిగా ఉన్నప్పుడు, ఆయన జపాన్‌లో కనజావా అనే ఊళ్లో ఏడాది చదువుకున్నారు. వానో మంచో పడుతూనే ఉండే ఊరది. మురాతా గారనే ఒక ముసలావిడ ఇంట్లో మేడమీద గది దొరికింది. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు, పెద్దగా మాట్లాడే మనిషీ కాదు. పొద్దున ఎనిమిదింటికి ఆ కుర్రాడు గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు తొడుక్కుంటుంటే వచ్చి నిలబడేది. అతను “వెళ్లొస్తాను” అనేవాడు. ఆవిడ “వెళ్లిరా” అనేది. ఆ దేశంలో కూడా వెళ్తాను అని ఊరుకోరు, సరిగ్గా మనలాగే వెళ్లొస్తాను అంటారు. ఆ మాట మొదటిసారి విన్నరోజున అతనికి ఎంత సంతోషమైందంటే, బొబ్బిల్లో ఉన్న తల్లికి ఉత్తరం రాశాడు: ఇక్కడ కూడా మనింట్లోలాగే అంటున్నారు, బెంగ పడకు, నాకేమీ కొత్తగా లేదు.

వెళ్లొస్తానని చెప్పాక గేటు దాటి, సందు వెంట నడిచి, చేపల కొట్టు దగ్గర మలుపు తిరిగి కాలేజీకి పోయేవాడు. వెనక్కి చూసేవాడు కాదు. అది పొగరూ కాదు, తొందరా కాదు. బొబ్బిల్లో వాళ్లమ్మ అతనికి నేర్పింది అదే. గడప దాటినవాడు వెనక్కి తిరిగి చూస్తే తలపెట్టిన పని చెడుతుంది. ఇంట్లో ఉన్నవాళ్లు వెనకనుంచి పిలవకూడదు. సాగనంపినవాళ్లు కూడా ఇంక గుమ్మంలో నిలబడకుండా లోపలికి వెళ్లి పనిలో పడాలి. కాబట్టి అతను రోజూ ఒక పద్ధతి ప్రకారమే, ఆ ఇంటికీ ఇంటావిడకూ మంచి జరగాలనే, మెడ తిప్పకుండా నడిచేవాడు.

చిత్రమేమిటంటే అక్కడివాళ్లు అతిథిని ఎలా సాగనంపుతారో అతనికి బాగా తెలుసు. మన దేశంలో ఉన్నప్పుడే రెండో ఏడు పరీక్షలో దానిమీద ప్రశ్న వచ్చింది. పేజీన్నర రాశాడు. వెళ్లే మనిషి కనుమరుగయ్యేదాకా ఇంటివాళ్లు గేటు దగ్గరే నిలబడతారనీ, వెళ్లే మనిషి మలుపులో ఒక్కసారి ఆగి వెనక్కి తిరిగి తల వంచుతాడనీ, అప్పుడే సాగనంపడం పూర్తవుతుందనీ రాశాడు. పదికి ఎనిమిది మార్కులు వచ్చాయి. అయితే ఆ జవాబులోని అతిథి ఎవరో పెద్దమనిషి. నెలనెలా అద్దె ఇచ్చి, మాసిన బట్టలతో కాలేజీకి పోయే తనలాంటి కుర్రాణ్ణి రోజూ ఎవరైనా అలా సాగనంపుతారని అతనికి తట్టలేదు.

ఏడాది గడిచింది. తిరిగి వచ్చే రోజున ఆవిడ దారిలో తినమని అన్నం ముద్దలు కట్టి ఇచ్చింది. అతను మామూలుగానే వెళ్లొస్తానన్నాడు. ఆవిడ మామూలుగానే వెళ్లిరా అంది. పెట్టె బరువుగా ఉంది, సన్నగా చినుకులు పడుతున్నాయి. గేటు మూసిన చప్పుడు వినపడలేదని సగం సందులో అతనికి అనిపించింది. అయినా దూరప్రయాణం. ఆ వేళ మరీ వెనక్కి చూడకూడదనుకున్నాడు.

మళ్లీ వెళ్లడానికి పదకొండేళ్లు పట్టింది. మొదటి రెండేళ్లూ కొత్త సంవత్సరానికి కార్డులు రాశాడు, తర్వాత అదీ మానేశాడు. ఏదో సదస్సుకి వెళ్లినప్పుడు ఒక పూట ఖాళీ చేసుకుని ఆ సందుకి పోయాడు. ఇల్లు లేదు. ఆ జాగాలో కంకర పోసి కార్లు నిలుపుకుంటున్నారు. చేపల కొట్టు మాత్రం ఉంది. కొట్టాయన చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి కాసేపు పరీక్షగా చూశాడు.

“నువ్వు ఆ వెనక్కి తిరగని కుర్రాడివి కదూ?” అన్నాడు.

అతనికి అర్థం కాలేదు. కొట్టాయన విడమరిచి చెప్పాడు. కొట్టు మలుపులో ఉండటంతో ఆయనకి రెండువైపులా కనిపించేది, అటు గేటు దగ్గర మురాతా గారూ, ఇటు కుర్రాడి మొహమూ. రోజూ అతను మలుపు తిరిగేదాకా ఆవిడ నిలబడేది. వానొస్తే గొడుగు వేసుకుని, మంచు పడితే దాన్ని తోసే పార చేత్తో పట్టుకుని. మలుపు దగ్గరికి అతను వస్తున్నాడనగా కొద్దిగా నిటారుగా సర్దుకునేది. అతను వెళ్లిపోయాక ఇంకో నిమిషం ఉండి లోపలికి పోయేది. చూడలేక కొట్టాయనే ఒకసారి, నేను చెప్తానులెండి, పరాయి దేశంవాడు, వాడికేం తెలుస్తుంది అన్నాడట. ఆవిడ ఒప్పుకోలేదు. “చెప్పి తిప్పించుకుంటే అదేం తిరగడం? ఏదో ఒకరోజు వాడే తిరుగుతాడు” అందట. చివరి రోజున చినుకులు వానగా మారినా ఆవిడ కదల్లేదు. కొట్టాయనే వెళ్లి లోపలికి పంపాల్సి వచ్చింది.

ఆవిడ పోయి అప్పటికి మూడేళ్లు.

అతను గేటు ఉండాల్సిన చోటికి వెళ్లి నిలబడ్డాడు. అక్కణ్ణించి మలుపుదాకా నడిచి, ఆగి, వెనక్కి తిరిగాడు. నాలుగు కార్లు కనిపించాయి. కొట్టాయన మొహం తిప్పుకుని చేపలమీద నీళ్లు చల్లుతున్నాడు.

త్రినాథరావు గారు చెప్పడం ఆపి, మంచినీళ్ల సీసా మూత తీసి రెండు గుక్కలు తాగారు. చెప్పిన సంగతికి సారాంశమేమిటో చెప్పలేదు. వచ్చినప్పుడు నవనీతకి మనసులో లెక్క స్పష్టంగా ఉంది. ఏ పరీక్షలో ఎంత వచ్చిందో, హిరానో గారు తన ఉచ్చారణని ఎలా మెచ్చుకున్నారో వరసగా చెప్పాలనుకుంది. కానీ ఇప్పుడు చూపు ఆయన వెనకనున్న కిటికీ మీద పడింది. ఐదేళ్లుగా ఈ గదికి వస్తూనే ఉంది, ఆ కిటికీలోంచి ఏం కనిపిస్తుందో ఎప్పుడూ చూడలేదు. కింద గేటు కనిపించింది. గేటు ముందునుంచి తిన్నగా పోయి లైబ్రరీ దగ్గర మలుపు తిరిగే రోడ్డు మొత్తం కనిపించింది. ఆ రోజు స్నేహితులతో దిగిన ఫొటో ఇంకా ఆమె ఫోన్‌లో ఉంది. చాలా బాగా వచ్చిందని అందరూ అన్నారు.

ఆయన నిఘంటువు ఎత్తి కిందనుంచి లేఖ తీశారు. ఇంకోసారి చదవకుండానే సంతకం చేసి ఆమె వైపు జరిపారు.

“ఇవన్నీ తెలిశాకే పంపాలంటే, ఆ రోజు నన్నెవరు పంపుదురు?” అన్నారు.

తొమ్మిది రోజులుగా దేనికోసం తిరిగిందో అది చేతికొచ్చింది. నవనీత లేచి నిలబడింది గాని తలుపు వైపు నడవలేదు.

“ఆ రోజు కారులకెల్లి హిరానో గారు ఎనకకు చూసిన్రా సెన్సే?” అని అడిగింది.

త్రినాథరావు గారు కలానికి మూత పెట్టారు.

“చూశారమ్మా. అద్దం దించి, వెనక్కి తిరిగి, తల వంచి నమస్కారం కూడా పెట్టారు. గేటు దగ్గర యాదగిరి ఉన్నాడు. కారు లైబ్రరీ మలుపు తిరిగేదాకా అతనే నిలబడ్డాడు.”