రాజుగారి కనిపించని కంప్యూటర్

రాజులూ మేనాలూ ఉండగానే కంప్యూటర్లు కూడా వచ్చేసిన ఓ చిన్న రాజ్యం ఉండేది. అక్కడి రాజుగారికి బిగువెక్కువ. తన కంప్యూటర్ కోటలో మరే కంప్యూటర్‌కీ కనిపించకూడదని ఒకప్పుడు దండోరా వేయించి, దాన్ని అలాగే అమర్పించి, ఆ సంగతే మరిచిపోయారు. విన్నవాళ్లకి గుర్తుంది గానీ, ఆయనతో అనే ధైర్యం ఎవరికుంది?

మోకాళ్ల నొప్పులతో పక్క మహల్లో ఉండే రాణిగారు, తాను పాడిన పాటలు ఆయనకు పంపుదామని చూశారు. రాజుగారి కంప్యూటర్ ఎంత వెతికినా దొరకలేదు. కోటంతా వైర్లు మార్చారు.

"లోపం రాణి కంప్యూటర్‌లోనే ఉంది. అవతల పారేయండి!" అన్నారు రాజుగారు.

రాణిగారు కళ్లొత్తుకోవడం చూసి, ఆవిడ మేనా మోసే గవరయ్య ఉండబట్టలేక రాజుగారి దగ్గరికెళ్లాడు.

"ప్రభూ, ఒక్క ఘడియ గదిలో కూర్చుని, ఎవరడిగినా తమరు లేరని కాపలావాణ్ణి చెప్పమనండి. లోపం ఎక్కడుందో తమకే తెలుస్తుంది."

రాజుగారు నవ్వుకుంటూ సరేనన్నారు. కాసేపటికి రాణిగారి మేనా ఆ గది తలుపు ముందు దిగింది.

"ఆయనున్నారా నాయనా?"

"లేరమ్మా," అన్నాడు కాపలావాడు.

"ఎక్కడికెళ్లారో, ఏమైనా తిన్నారో లేదో..."

మేనా మళ్లీ భుజాలకెక్కింది. అంతలో తలుపు దడాలున తెరుచుకుంది. రాజుగారు చెప్పుల్లేకుండానే పరుగెత్తుకొచ్చి మేనా పట్టుకున్నారు.

"ఇక్కడే ఉన్నాను! లేనని చెప్పమన్నది నేనే."

"కంప్యూటర్‌కీ అదే చెప్పారు ప్రభూ," అన్నాడు గవరయ్య మెల్లగా.

ఆ పూటే హుకుం ఎత్తేశారు. పాటలన్నీ రాజుగారి కంప్యూటర్‌లోకి వచ్చాయి. ఆయన మాత్రం ఇంతవరకూ ఒక్కటీ తెరవలేదు. సాయంత్రమయ్యేసరికి తానే వెళ్లి రాణిగారి పక్కన కూర్చుని వింటున్నారు.