మిగిలిన ఒక్క ప్యాకేజీ

చెన్నబసవకు ఆ వారం కాళ్ళు నేలమీద ఆనలేదు.

మడకశిర కొండల్లో నంజుండస్వామి మఠం ఉంది. అక్కడ విభూతితో పాటు సాఫ్ట్‌వేర్ కూడా పంచుతారు. నాలుగు వేల ప్యాకేజీలు, ఒక్కోటీ మూటలా కట్టి, ఆరువందల బడులకు పంపుతారు. వాటిని రాసిన ప్రోగ్రామింగ్ భాషకు కొత్త వెర్షన్ వచ్చింది. పాతవాటిని కొత్తదానికి మార్చే పని శిష్యుడు చెన్నబసవ నెత్తిన పడింది. ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో అతను తాగిన కాఫీతో రెండెకరాలు తడుపుకోవచ్చు. నిద్రంటారా, మొత్తం మీద రెండుసార్లు పోయుంటాడు.

"అయిపోయింది స్వామీ! మూడు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది మార్చేశాను. ఇక పాత వెర్షన్ పీకేస్తున్నా. రేపు పొద్దున్నే బడులకు పంపాలి."

స్వామివారు అటుకులు నములుతున్నారు. "మిగిలిన ఒక్కటీ?"

"అదేదో మూటలు విప్పే బుడ్డ ప్రోగ్రాం. నూరు వరుసలుంటే ఎక్కువ. పాత వెర్షన్ మీదే నడుస్తుందట. ఆ ఒక్కదాని కోసం ఇంత బరువు మోయాలా?"

"మోయొద్దులే. ముందు నా కంప్యూటర్లో పీకు."

ఆ కంప్యూటర్ ఆన్ చేస్తే మూడు కొండల అవతల నెమళ్ళు ఉలిక్కిపడి లేస్తాయి. చెన్నబసవ నవ్వుకుంటూ పాత వెర్షన్ తీసేశాడు.

"ఇక కొత్తది ఎక్కించు నాయనా."

ఎక్కించబోయాడు. కొత్త వెర్షన్ మూట దిగి, పెళ్ళివారి పెట్టెలా అలాగే కూర్చుంది. దాన్ని విప్పాల్సిన బుడ్డ ప్రోగ్రాం పాత వెర్షన్‌తో పాటే ఆగిపోయింది. పోనీ పాతదే మళ్ళీ పెడదామంటే, అదీ మూటే.

అతని చెమటలో కీబోర్డు ఈత కొట్టింది. "స్వామీ, ఇదే గనక ఆరువందల బడులకూ పంపుంటే..."

"ఆ నూరు వరుసలూ చదివావా?"

"లేదు స్వామీ."

"చదువు."

సాయంత్రం చెన్నబసవ మెల్లగా వచ్చి నిలబడ్డాడు.

"మార్చావా?"

"మార్చాను స్వామీ. తొంభై ఆరు వరుసలు."

"అయితే పాతది పీకెయ్యి మరి."

"ఇంకో ఏడాది ఉండనీండి స్వామీ. రెండూ కలిపి పంపుదాం. ఆ బడుల్లో పిల్లలు పాతదాంట్లో సొంతంగా ఏమేం రాసుకున్నారో నేనింకా చూళ్ళేదు."

స్వామివారు కాస్త జరిగి, చాప మీద అతనికి చోటిచ్చారు.