వీరిశెట్టి పుచ్చుకున్న బిరుదు

మా మహారాజు విజయధ్వజులవారికి ఒక అలవాటుంది. తనవల్ల కాని పని ఏదైనా తగిలితే, అదెంత పని అని నాకు అప్పగిస్తారు.

ఆ రోజూ అదే జరిగింది. ముత్యాలరేవు బెస్తల పెద్ద పోలయ్య నిండుసభలో చేతులు జోడించాడు.

"మారాజా, ఏటిమొగ దగ్గర మడ అడవిని వర్తకులు నరికేసి గుల్లసున్నం బట్టీల్లో తగలేస్తన్నారు. పోయినేడు తుపానుకి ఆ చెట్లే మా పేటకి అడ్డం నిలబడ్డాయి. మళ్లీ తుపానొచ్చేసరికి అవి లేకపోతే మేమూ ఉండం," అని ఏడ్చేశాడు.

రాజుగారు గడ్డం నిమురుకుంటూ చుట్టూ చూశారు. ఆస్థాన విదూషకుణ్ణి గదా, ఆ చూపు నాకు తెలుసు. గబుక్కున స్తంభం చాటుకి తప్పుకున్నాను. నేను తప్పుకున్నాను గానీ నా పొట్ట తప్పుకోలేదు.

"కొండుభొట్లూ, కనిపిస్తున్నావులే, రా! నేను ఆజ్ఞ ఇస్తే వర్తకులు అలిగి ఓడల్ని పక్కరేవుకి తోలుకుపోతారు. నరకడం వాళ్లంతట వాళ్లే మానాలి. వచ్చే నిండుసభలోగా మాన్పించు. లేదా, ఈ వానాకాలం పోలయ్య పేటలోనే నీ కాపురం."

నూతిలోకి తొంగిచూస్తేనే నాకు కళ్లు తిరుగుతాయి. ఇక సముద్రం పక్కన కాపురమా! అయినా నలుగురూ చూస్తున్నారు కదా, "ఎంతపని ప్రభూ!" అనేశాను. నా తెలివి ఎప్పుడూ నా నోటి వెనకాలే నడుస్తుంది.

ఓడవర్తకుల పెద్ద పేరు వీరిశెట్టి. ఆయన తలపాగా ఎడమకి వంచి చుడితే బజారంతా ఎడమకే వంచుతుంది. ఆయన వద్దంటే చాలు, ఒక్కడూ గొడ్డలి ముట్టడు. అందుకని ధర్మం గురించి గొప్ప ఉపన్యాసమొకటి కట్టుకుని ఆయనింటికి వెళ్లాను.

అక్కడ పెద్ద పండగ జరుగుతోంది. శెట్టిగారు చెట్లమీది భక్తితో బంగారు చెట్టు చేయించి, దానికి పూజ చేసి, ఊరందరికీ విందు పెడుతున్నారు. పెరట్లో గాడిపొయ్యిల్లో మడకట్టెలు భగభగ మండుతున్నాయి.

"చెట్లంటే నాకు ప్రాణం, భొట్లుగారూ! ఇన్ని ధర్మాలు చేస్తున్నానా? సేనాపతికి బిరుదు, ఏనుగులవాడికి బిరుదు. ఇంతవరకూ ఒక్క వర్తకుడికైనా ఇచ్చారా?" అని శెట్టి వాపోయాడు.

ఉపన్యాసానికి నోరు తెరిచాను. తెరిచిన నోట్లో ఎవరో బొబ్బట్టు పెట్టారు. అది అయ్యేలోగా ఇంకోటి పెట్టారు. ఇంటికొచ్చి నడుం వాల్చాకగానీ అడవి సంగతి గుర్తురాలేదు.

"అంటే, అడవిని బొబ్బట్లకి అమ్మేసి వచ్చారన్నమాట," అంది మా ఆవిడ అచ్చమ్మ.

మర్నాడు దిగులుగా కోటకి పోతుంటే, ఏనుగులసాల గుమ్మంలో మావటి లింగన్న ఆవులిస్తూ కనిపించాడు.

"కళ్లు అలా వాచాయేమిటయ్యా?"

"బిరుదండి బాబూ! 'గజరక్షక' అన్నారు, సంబరంగా పుచ్చుకున్నాను. దేనికి రక్షకుడైతే దాని దగ్గరే కాపురముండాలని మన రాజ్యంలో ఆచారం కదండీ. పెళ్లాంపిల్లల్తో ఇక్కడే ఉంటన్నా. అవి అరుస్తుంటే కునుకేదండీ?"

నా బుర్ర వెలగడం అరుదు. ఆ పూట వెలిగింది. పంచె ఊడిపోతున్నా ఆగకుండా రాజుగారి దగ్గరికి పరుగెత్తి చెవిలో చెప్పాను.

నిండుసభ వచ్చింది. రాజుగారు వీరిశెట్టిని ముందుకి పిలిచారు.

"శెట్టీ, చెట్లమీద నీ భక్తికి మెచ్చి నీకు 'వనరక్షక' బిరుదిస్తున్నాం!"

భేరీలు మోగాయి. శెట్టి కాలికి గండపెండేరం తొడిగారు. ఆయన ఆనందంతో కళ్లొత్తుకుని, కాలు అందరికీ కనబడేలా చాపి నిలబడ్డాడు. అప్పుడు నేను వంగి దండం పెట్టాను.

"వనరక్షకులవారి సామాన్లకి బళ్లు ఎప్పుడు పంపమంటారు?"

"సామాన్లా? ఎక్కడికి?"

"ఏటిమొగకండీ. గజరక్షకుడు ఏనుగులసాలలో ఉంటాడు, వనరక్షకుడు మడ అడవి వెనక ఉంటాడు. ఆచారం కదా! తుపాన్ల రోజులు దగ్గరపడ్డాయి, వేగిరం బయల్దేరండి."

శెట్టి మొహం సున్నంలా తెల్లబోయింది. చెయ్యి మెల్లగా గండపెండేరం మీదికి పోయింది.

"తీయకండోయ్, సింహాసనానికి అవమానం," అన్నాను.

"మరి అక్కడ... సముద్రానికీ నాకూ మధ్య ఏముంటుందయ్యా?"

"తమరు నరకగా మిగిలిన చెట్లు."

శెట్టి ఒక్క గెంతులో వర్తకుల వరసవైపు తిరిగాడు.

"వింటున్నారా? ఇవాళ్టినుంచి ఎవడి బట్టీలో మడకట్టె కనిపించినా వాడి సరుకు నా ఓడెక్కదు! తాటిమట్టలు కాల్చుకోండి, ఊక కాల్చుకోండి. నరికినచోటల్లా మళ్లీ నాటండి. ముందు నా గుమ్మానికి ఎదురుగా నాటండి!"

వర్తకులందరూ ఒక్కసారే తలలూపారు. పోలయ్య కళ్లు తుడుచుకుని, "మా పక్కనే ఇల్లు కట్టిత్తాం శెట్టిగారూ, చేపల వాసన ఒకటి ఓర్చుకోవాలంతే," అన్నాడు. సభ గొల్లుమంది.

"కొండుభొట్లూ, నీకూ ఒక బిరుదివ్వాలి. ఏం కావాలో అడుగు," అన్నారు రాజుగారు.

శెట్టి తన దుఃఖం మరిచి ఆశగా నావైపు చూశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, నోరు తెరిచే ముందు ఆలోచించాను.

"పాకశాలారక్షక, ప్రభూ!"

రాజుగారు కిరీటం జారేలా నవ్వి, అక్కడికక్కడే గండపెండేరం తెప్పించారు. అది నా కాలికి ఎక్కించడానికి ఇద్దరు భటులు చెమటలు కక్కారు.