కాటమయ్య మాట నిలిపిన తేటమ్మ తల్లి

తేటమ్మ తల్లి దర్శనానికి వచ్చే భక్తులు కొండకింద రేవు దగ్గర బస్సు దిగి, అక్కడినుంచి పడవలో ఎదురునీటికి ప్రయాణం చేయాలి. కాలిదారి లేదు. తేటేరు ఇక్కడ మూడు గండ్లు దాటి వస్తుంది. మొదటిది పావురాల గండి. రెండవది తేనె గండి. నిట్టనిలువు రాతిగోడలకు తేనెపట్లు వేలాడుతుంటాయి కనుక అక్కడ పొగ పెట్టకూడదు, గట్టిగా అరవకూడదు. మూడవది ఇరుకు గండి; పడవలో కూర్చుని రెండు చేతులూ చాస్తే రెండు కొండలూ తగులుతాయి. ఏటి అడుగున గులకరాళ్ళ మీద పడవ నీడ పాకుతూ రావడం పైనుంచి స్పష్టంగా కనిపిస్తుంది. కొత్తవారు లోతు లేదనుకుని దిగబోతారు. అక్కడ నాలుగు నిలువుల నీరుంటుంది. పడవవారి మాట వినడం మంచిది.

పూర్వం ఇక్కడ ఇంత తేటనీరు లేదు. ఏటికి ఈ పేరూ లేదు, మడ్డేరు అనేవారు. ఏడాది పొడుగునా ఎర్రమట్టి కలిసి, కుడితిలా పారేది. దాహంతో వచ్చిన పశువులు కూడా మూతి పెట్టి వెనక్కి తీసుకునేవట.

ఆ రోజులలో తేనె గండి మీది మిట్టన కాటమయ్య అనే మేకల కాపరి, ఆయన భార్య గురవమ్మ కాపురముండేవారు. పిల్లలు లేరు. గురవమ్మ మంద ముందు నడిస్తే కాటమయ్య వెనుక నడిచేవాడు. ఒక వేసవిలో ఆమెకు అమ్మవారు పోసింది. ప్రాణం దక్కింది గాని చూపు దక్కలేదు. నాటినుంచి గురవమ్మ గుడిసె విడిచి బయటకు రాలేదు. గోడవైపు తిరిగి పడుకునేది. ముద్ద నోట పెడితే రెండు మెతుకులు తిని చాలనేది.

"నీకేం కావాలో చెప్పు గురవా, ఏడనుంచైనా తెస్తా" అన్నాడు కాటమయ్య ఒకనాడు.

"మా పుట్టింటికాడ వాగుండేది మామా. సూది పడినా కనబడేది. ఆ నీళ్ళు ఇంకొక్కసారి చూడాలని ఉండాది. అంతే" అన్నది ఆమె.

కాటమయ్య ఆ రోజంతా ఆలోచించాడు. మరునాటి ఉదయం ఆమె చేయి పట్టుకుని, మెల్లగా మెట్టు మెట్టూ దింపి, గండి కింద చదునైన బండ మీద కూర్చోబెట్టి, ఆమె పాదాలు నీళ్ళలో ఉంచాడు.

"మీ వాగులాంటిదే ఇక్కడా ఉంది గురవా. ఈమధ్య మన ఏరు తేరుకుంది, నేనే ఇన్నాళ్ళూ సరిగా చూడలేదు. అద్దమనుకో. నీ కాలిబొటనవేలి దగ్గర చేపపిల్లలు ఏడు. అడుగున రాళ్ళు పసుపుకొమ్ముల్లా కొన్ని, నేరేడుపళ్ళలా కొన్ని."

గురవమ్మ వింటూ వింటూ పాదం కదిపింది. "చేపలు బెదిరినాయా?" అని అడిగింది.

"బెదిరి మళ్ళీ వచ్చినాయి."

ఆ సాయంత్రం ఆమె కడుపునిండా తిన్నది.

అది మొదలు మూడేళ్ళపాటు కాటమయ్య రోజూ ఆమెను ఏటికి తీసుకువచ్చేవాడు. తాగడానికి మాత్రం రాతిసందులోని ఊటనీరు సొరకాయబుర్రలో పట్టి ఇచ్చేవాడు. ఎప్పుడూ మాటకారి కానివాడు, రోజుకొక కొత్త రంగు, కొత్త చేప, కొత్త నీడ వెతికి చెప్పేవాడు. గురవమ్మ మళ్ళీ నవ్వడం నేర్చుకుంది. మేకలను పేరుపేరునా పిలవసాగింది.

ఒకసారి గురవమ్మ అక్క మాణిక్యమ్మ చూడవచ్చింది. చెల్లెలు ఆమెను బండ దగ్గరకు తీసుకుపోయి, "మా ఏరు చూసినావా అక్కా?" అన్నది. మాణిక్యమ్మ నిలువునా నివ్వెరపోయింది.

"ఏం ఏరే ఇది! పేడనీళ్ళు ఇంతకంటే నయం. నీకు కళ్ళు లేవని ఆయన నిన్ను ఇంత మోసం చేస్తాడా?"

ఊటనీరు పట్టుకుని వస్తున్న కాటమయ్య ఆ మాట విని కొండరాతి వెనుక ఆగిపోయాడు. మూడేళ్ళు కట్టినదంతా కూలినట్టయింది. అప్పుడు గురవమ్మ గొంతు వినబడింది.

"మెల్లగా అక్కా, ఆయన వింటాడు. నాకు తెలియదనుకున్నావా? మొదటిరోజే మొహం కడుక్కుంటే పండ్లమధ్య మట్టి కరకరలాడింది. మేకల ఎనకమాల తిరిగి తిరిగి వచ్చి, నాకోసం కూచుని ఇన్ని చేపలు పుట్టిస్తున్నాడే, ఆ మనిషిని అబద్ధాలకోరని ఎట్లా అంటా? నువ్వూ అనబాక. నీకు దణ్ణం పెడతా."

కాటమయ్య సొరకాయబుర్ర అక్కడే దించి, మందలోకి వెళ్ళిపోయాడు. మనసారా ఏడ్చి, ఆ మిట్టమధ్యాహ్నం ఒక రాతినీడన సొమ్మసిల్లి నిద్రపోయాడు. కలలో ఒక స్త్రీ వచ్చి ఎదురుగా నిలిచింది. ఆమె చీర కుచ్చెళ్ళు మోకాళ్ళదాకా ఎర్రమట్టితో తడిసి ఉన్నాయి.

"కాటమయ్యా, నన్ను చూసి అందరూ ముక్కు విరిచినవారే. నువ్వొక్కడివే మూడేళ్ళుగా నన్ను తేటగా ఉన్నావంటున్నావు. వినీ వినీ నాకూ అలా ఉండాలనిపించింది. ఏం కావాలో అడుగు" అన్నది.

"తల్లీ, నా గురవమ్మకు చూపు ఇయ్యి."

"అది ఆమెకు పోసిన అమ్మవారు, మా పెద్దక్క తీసుకున్నది. ఆమె తీసుకున్నది నేను తిరిగి ఇవ్వలేను. నా దగ్గర ఉన్నవి నీళ్ళే నాయనా."

కాటమయ్య తల వంచి దణ్ణం పెట్టాడు. "అయితే నా మాట నిజం చెయ్యమ్మా. ఒక్కరోజైనా దానికి నిజం చెప్పాలని ఉంది."

"నన్ను మడ్డి చేస్తున్నది నీ మందే. తేనె గండి పైని మట్టిగట్టు మీది గడ్డిని మేకలు వేళ్ళతో సహా పీకి, మట్టిని నాలోకి దించుతున్నాయి. మందను మళ్ళించు. గట్టుకు రాయి కట్టు. మిగతాది నేను చూసుకుంటాను."

మెలకువ వచ్చాక కాటమయ్యకు దిగులు పట్టుకుంది. మందకు ఉన్న మంచి మేత ఆ గట్టు మీదే. అక్కడినుంచి మళ్ళిస్తే అవతలి కొండకు తోలాలి. అది చిరుతలు తిరిగే చోటు. రెండు రోజులు మథనపడి, మూడవనాడు భార్య దగ్గర కూర్చున్నాడు.

"గురవా, ఏరు తేటగా లేదు. ఏనాడూ లేదు."

"తెలుసు మామా."

"నీకు తెలుసని నాకూ తెలిసింది."

తరువాత కాటమయ్య కల సంగతి చెప్పాడు. అంతా విని గురవమ్మ లేచి, కొంగు నడుముకు చుట్టుకుని, "రాళ్ళు ఏడున్నాయో నన్ను అక్కడికి తీసకపో" అన్నది.

ఉదయం కాటమయ్య మందను అవతలి కొండకు తోలేవాడు. పొద్దు వాలేలోగా తిరిగి వచ్చి గోడ కట్టేవాడు. గురవమ్మ ప్రతి రాయినీ చేతితో తడిమి, ఏది దేని పక్కన ఇముడుతుందో చెప్పేది. ఆమె చెప్పిన రాయి కదిలేది కాదు. ఆ ఏడు పదకొండు మేకపిల్లలను చిరుత ఎత్తుకుపోయింది. అయినా పని ఆపలేదు. వానాకాలం గడిచింది, చలికాలం సగమైంది. మాఘమాసంలో ఒకనాటి ఉదయం ఆఖరి రాయి కూడా పెట్టి, ఇద్దరూ ఎప్పటిలాగే బండ మీదికి దిగారు.

ఏరు అడుగుదాకా కనిపిస్తోంది. రాళ్ళ నడుమ స్త్రీరూపంలో ఒక శిల. ముక్కు, నోరు ఉన్నాయి గాని కళ్ళు లేవు. చుట్టూ చేపపిల్లలు. ఇన్నేళ్ళూ లేనిదాన్ని ఉన్నట్టు చెప్పిన కాటమయ్యకు, ఉన్నదాన్ని చూసేసరికి నోట మాట రాలేదు.

"ఏం మామా, ఇయ్యాల ఏం చెప్పవేం?" అన్నది గురవమ్మ.

ఆయన ముక్కు ఎగబీల్చాడు. ఏడుస్తున్నాడని ఆమెకు అర్థమైంది. వంగి, దోసిలితో నీరు తీసుకుని తాగింది. మట్టి తగలలేదు. ఆయన భుజం తడిమి పట్టుకుని, "నువ్వు చెప్పినట్టే ఉందిలే మామా" అన్నది.

ఆ శిలనే ఇరుకు గండి పైన గుహలో ప్రతిష్ఠించారు. అమ్మవారికి నేటికీ వెండి కళ్ళు అతికించరు. కాటమయ్య అన్నదమ్ముల వంశీకులే అర్చకులు. వారు ఆ గట్టు మీద మేకలను మేపరు, ఎవరినీ మేపనివ్వరు. ఏటా మాఘమాసంలో ఊరందరూ గోడను సరిచేస్తారు. కదిలిన రాళ్ళను కళ్ళు మూసుకుని చేతితో ఎంచాలని నియమం.

పడవ ఇరుకు గండిలో ప్రవేశించగానే జంటలో ఒకరు కళ్ళు మూసుకోవాలి, రెండవవారు కనిపించేదంతా చెప్పాలి. భార్యాభర్తలే కానక్కరలేదు, తల్లీ బిడ్డలైనా, స్నేహితులైనా సరే. ఒంటరిగా వచ్చినవారికి పడవవారే చెబుతారు. చూపు లేనివారిని ముందువరుసలో కూర్చోబెడతారు. ఉన్నదానికి కొంచెం కలిపి చెప్పినా దోషం లేదని పెద్దలమాట. అలిగి ఎడమొహం పెడమొహంగా పడవ ఎక్కిన దంపతులు, గుడి మెట్ల దగ్గర ఒకరి చేయి ఒకరు పట్టుకుని దిగడం మేము ఎన్నోసార్లు చూశాము. తేటమ్మ తల్లి మీ ఇంట మాటను, మీ గిన్నెలో నీటిని తేటగా ఉంచుగాక.